గేర్ల సైకిలు ఎవరికి?

రిటైరయ్యాక నేను కొనుక్కున్న గేర్ల సైకిలు మా ఆవిడకు మొదటినుంచీ నచ్చలేదు. కొవ్వూరులో దానికి పనేముందని ఆవిడ వాదన. అదీ నిజమే. మాకు తెలిసిన ఎత్తు గోదావరి వంతెన ఎక్కుడు ఒక్కటే. ఏడాదిపాటు అన్ని గేర్లలో నేను వాడింది కూడా ఒక్కటే. అందుకే 2003 చలికాలంలో, మారేడుమిల్లి అడవిలో తొక్కి వస్తానన్నాను. ఆవిడ ఒక షరతు పెట్టింది.

"వెళ్లండి. కానీ ఒక్కసారి పడ్డా సరే, ఆ సైకిలు మా తమ్ముడికి ఇచ్చెయ్యాలి. మీకు అరవై దాటాయండి."

తమ్ముడు అక్కడే కాఫీ తాగుతున్నాడు. రావులపాలెం అరటి మార్కెట్టులో పనిచేస్తాడు. గెలలు మోసి మోసి వంగిన పాత సైకిలు అతనిది. "అయితే నేనూ వస్తాను బావగారూ. సాక్షి ఉండాలి కదండీ!" అన్నాడు.

ముందురోజే చైనుకు నూనె వేశాను, బ్రేకులు బిగించాను, టైర్లకు గాలి కొట్టించాను. మా వైపు గాలి అంటే బొటనవేలితో నొక్కినా టైరు దిగకూడదు. గెలలూ బస్తాలూ మోసే సైకిళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. షాపతను చాలండీ అన్నా వినకుండా ఇంకో నాలుగు దెబ్బలు కొట్టించాను.

తొలి బస్సు టాపు మీద సైకిళ్లు కట్టించుకుని వెళ్లాం. అటవీశాఖ చెక్‌పోస్టులో అడిగితే వాచర్‌ను తోడిచ్చారు. ఆయన కొండరెడ్డి గిరిజనుడు, నా ఈడువాడే. మేము తొక్కుతుంటే ఆయన నడిచే మా ముందు వెళ్లాడు.

ఆ దారి నేననుకున్న దారి కాదు. వెదురు పొదల మధ్య రాళ్లూ వేళ్లూ తేలిన సన్నటి బాట. సైకిలు ప్రతి రాయి మీదా బంతిలా ఎగిరింది. వెనకనుంచి మా బావమరిది, "ఇప్పుడు పడతారా, ఇంకాస్సేపాగి పడతారా బావగారూ? నాకు బస్సుంది!" అని ఒకటే గోల.

వాగు వినబడేంత దగ్గరకు వచ్చాక ఒక వేరు మీద ముందు చక్రం జారింది. నేను ఎండుటాకుల్లో పక్కకు పడ్డాను.

"సైకిలు నాదే!" అని అరుస్తూ వచ్చాడు బావమరిది. నా మోచేతి మీద రక్తం చూడగానే భుజం మీది తువ్వాలు తీసి కట్టాడు.

వాచర్ నన్ను చూడలేదు, టైరును చూశాడు. బొటనవేలితో నొక్కి నవ్వాడు. "ఇది రాయి సార్. రాయి మీద రాయి నిలబడదు. గాలి తియ్యండి."

"ట్యూబు దెబ్బతింటుందేమో?"

"సగం తియ్యమనలేదు. వేలికి కొంచెం దిగితే చాలు."

యాభై ఏళ్ల అలవాటు బుస్సుమంటూ పోయింది. ఎక్కి చూశాను. టైరు రాళ్లను పట్టుకుంటూ పోతోంది! వాగుకు దిగే వాలులో మొదటిసారి గేర్లు మార్చాను. చన్నీళ్లు మోకాళ్లదాకా చిమ్మాయి. అవతలి గట్టు ఒక్క ఊపున ఎక్కేసి, ఏం చేస్తున్నానో తెలియకుండానే కేక పెట్టాను. మళ్లీ వెనక్కి దిగి మళ్లీ ఎక్కాను. అలా నాలుగుసార్లు. పైన కొమ్మ మీద పిల్లి అంత ఉడుత, ముదురు ఎరుపు వీపుతో, జానెడు కాదు మూరెడు తోక వేలాడేసి, నన్ను చూస్తూ కూర్చుంది.

తిరుగు బస్సులో మా బావమరిది నా పక్కనే కూర్చున్నాడు. "అక్కతో చెప్పను లెండి. అంత సంతోషంగా మిమ్మల్ని మీ పెళ్లిలో కూడా చూడలేదు" అన్నాడు. ఇంటికి రాగానే, అడగకముందే, "పడలేదక్కా" అని చెప్పేశాడు. నేను పొడుగుచేతుల చొక్కా వేసుకుని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే డైరీ తీశాను. పడిన సంగతి రాయకపోతే వాగు సంగతీ రాయలేను. రెండూ ఒకే టైరు కథ. రాసేశాను. మా ఇంట్లో డైరీ రహస్యం కాదు. గ్యాస్ బండ ఎప్పుడు వచ్చిందో చూడాలన్నా ఆవిడ అదే తీస్తుంది. ఆ రోజూ అందుకే తీసింది.

బావమరిది పెసరట్టు తింటున్నాడు.

"ఒరేయ్, బావగారు పడలేదన్నావు?"

"పడలేదక్కా. కొంచెం కూర్చున్నారు."

"కూర్చుంటే మోచెయ్యి గీరుకుంటుందేంట్రా? అబద్ధాలకోరుకి సైకిలు ఇవ్వను ఫో!"

"నేను చెప్పింది ఆయన కోసం! ఇదెక్కడి న్యాయం బావగారూ?"

ఆవిడ ఇంకా చదువుతూనే ఉంది.

"ఏవండీ, ఈ ఉడుత నిజంగా ఇంతుందా?"

"ఉంది."

"వచ్చే ఆదివారం నేనూ వస్తాను. వాగుదాకా నడుస్తాను. మీరు తొక్కుకోండి." పెనం మీద ఇంకో అట్టు పోస్తూ అంది, "గాలి మాత్రం ఆ వాచర్ చెప్పినంతే ఉంచండి."