ఒక్క బులెటిన్‌లో రెండు జట్లూ గెలిచిన రోజు

“పెద్దమ్మా, మళ్ల కెమెరా ముందు కూసొని ఖిలా వరంగల్ ఓడిపోయిందని జర చెప్పు. ఒక్క మాటతోని అయిపోతది.”

“ఓడిపోయిందా?”

“ఎవలో ఒకలు ఓడాలె గద!”

“ఆట ఐపోనేలేదు. ఓడిన్రని నా నోటితోని ఎట్ల చెప్పాలె?”

“ఇద్దరూ గెలిచిన్రని చెప్పిన నోరే గద అది!”

హనుమకొండలోని ఒక కేబుల్ ఛానెల్‌లో, ఏడింటి వార్తలు ముగిసిన పావుగంటకు, దాన్ని నడిపే శ్రీధర్‌కూ నాకూ జరిగిన గొడవ ఇది. మన యాసలో వార్తలు చదవడానికి నేను అక్కడ చేరి అప్పటికి రెండేళ్లు. అంతకుముందు కబడ్డీ పోటీల్లో మైకులో ఆట చెప్పేదాన్ని. మా ఆయనది మైకుసెట్టు దుకాణం. చెప్పడానికి వేరే మనిషెందుకు దండగ అని నేనే మొదలుపెట్టాను. అంపైర్ చెయ్యి లేవనిదే ఏనాడూ పాయింటు చెప్పలేదు.

నా చదువు నాలుగో తరగతి. పెద్ద ఛానెళ్లలో చదవాల్సింది కెమెరా ముందు అద్దం మీద నడుస్తుంది. మా దగ్గర అట్టలు. సబ్ ఎడిటర్ సుజాత లావు స్కెచ్ పెన్నుతో రాస్తే, కెమెరామన్ యాదగిరి లెన్సు పక్కన ఎత్తి పట్టుకునేవాడు. అట్టకు ఒకవైపే రాసి పారేయడం చూసి, నేనే కోప్పడి రెండువైపులా రాయించాను. అక్షరాలు కూడబలుక్కునే దాన్ని కాబట్టి అర్థం నాకు కాస్త వెనక వచ్చేది. పైగా లైవ్‌లో ఆగకూడదు. ఆగితే తెర బోసిపోతుంది.

ఆ రోజు రఘునాథపల్లికీ ఖిలా వరంగల్‌కూ కబడ్డీ ఫైనల్. వార్తల టైముకు ఆట ముగుస్తుందని, సుజాత ఒకే అట్ట మీద ముందువైపు రఘునాథపల్లి గెలిచినట్టు, వెనకవైపు ఖిలా వరంగల్ గెలిచినట్టు రాసిపెట్టింది. రిపోర్టర్ ఫోన్ చేశాక సరైన వైపు చూపించాలి. అక్కడేమో స్కోరు సమానంగా ఉండగా, పది నిమిషాల ఆట మిగిలి వాన కొట్టింది. ఏం చేసేదీ తర్వాత చెబుతామని అంపైర్లు అందరినీ ఇళ్లకు పంపారు. ఫోన్ రాలేదు. యాదగిరి మిగతా అట్టల్లాగే దాన్నీ ఎత్తాడు. చదివాను. తిప్పాడు. అదీ చదివాను.

అంపైర్ల తీర్పే టీవీలో వచ్చిందనుకున్నారు జనం. రఘునాథపల్లి వాళ్లు మొదటి ముక్కకే ఈలలు వేసి బయటికి ఉరికారు, రెండోది వినలేదు. ఖిలా వరంగల్ వాళ్లు రెండోదాన్ని సవరణ అనుకున్నారు. రెండుచోట్లా డప్పులు మోగాయి. రఘునాథపల్లి నుంచి ఒక పెద్దమనిషి, బూందీ పంచుతున్నామని శ్రీధర్‌కు ఫోన్ కూడా చేశాడు. అందుకే శ్రీధర్ రెండోవాళ్లను ఓడించమంటున్నాడు.

“చెప్పకుంటే రేపటిసంది రాకు,” అన్నాడు చివరికి.

“రేపటి సంగతి రేపు. యాదగిరీ, కెమెరా పెట్టు,” అన్నాను.

యాదగిరి ఓనర్ దిక్కు చూశాడు, నా దిక్కు చూశాడు, కెమెరా పెట్టాడు. అట్ట లేకుండానే చెప్పాను: “ఆట ఐపోలేదు. ఎవలూ గెలువలేదు. రెండుసార్లు తప్పు చదివింది నేనే. మెడల దండలు తీసి పక్కకు పెట్టున్రి.”

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే: జరగని దాన్ని ముందే రాసిపెట్టుకుంటే టైము మిగలదు, ఉన్న టైమూ పోతుంది. పొదుపు చేయడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే ఆ పది నిమిషాలూ ఆడించారు. రాత్రి డప్పులకు ఎగిరెగిరి రెండు జట్లకూ కాళ్లు పట్టేశాయి. కూతకు గొంతులు లేవు. రఘునాథపల్లి ఒక్క పాయింటుతో గెలిచింది. శ్రీధర్ అక్కడికే వచ్చి నన్ను స్కోరు అడిగి రాసుకున్నాడు, ఏడింటికి రమ్మన్నాడు. గెలిచినవాళ్లు కప్పును గోనెసంచిలో పెట్టుకుని బస్సెక్కారు. ఊరేగింపు నిన్ననే అయిపోయింది.