స్పానిష్‌లో నాన్న

మదనపల్లె పక్కన అంగళ్లు ఊళ్లోని కాలేజీకి వెళ్లే బస్సులో కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ కూర్చునే అమ్మాయి ఫెబా. ప్రార్థన చేసుకుంటోందనుకుని పక్కవాళ్లు ఫోన్లో గొంతు తగ్గిస్తారు. అది ప్రార్థన కాదు, కాలేజీలో తీసుకున్న స్పానిష్ పాఠం. సండే స్కూల్లో బైబిల్ కంఠత వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్న పిల్ల, ఈ భాషనీ తెలుగు అక్షరాల్లో రాసుకుని పేజీలకు పేజీలు బట్టీ పట్టేసింది. ఏ మాటకు ఏ అర్థమో మాత్రం ఎప్పుడూ తికమకే.

నోటి పరీక్షలో మేడమ్ స్పానిష్‌లోనే, మీ నాన్న ఏం చేస్తారని అడిగింది. ఫెబా కళ్లు మూసుకుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వచ్చేసింది: మా నాన్న డాక్టరు, ఆస్పత్రిలో పనిచేస్తాడు. పదికి పది మార్కులు. బయటికొచ్చాక గానీ తనేం చెప్పిందో తట్టలేదు.

సాయంత్రం మదనపల్లెలో, ఆస్పత్రిలో స్ట్రెచర్లు తోసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న నాన్న ఇమ్మానుయేలుకు అంతా చెప్పింది. "నేను పాఠం అప్పజెప్పినట్టా నాయనా, అబద్ధం చెప్పినట్టా?"

"ఆస్పత్రి మాత్రం నిజమే కదమ్మా" అని నవ్వాడాయన. కాళ్లు తుడుచుకుంటూ, "స్ట్రెచర్ తోస్తాడని చెప్పింటే ఎన్ని మార్కులు ఏసేవాళ్లో?" అన్నాడు.

ఫెబా స్పానిష్ పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా తిరగేసింది. డాక్టర్లున్నారు, టీచర్లున్నారు. స్ట్రెచర్ తోసే నాన్న ఒక్కడూ లేడు.