చిట్టెలుక, చెట్టు పాచి, నూకమ్మ క్వార్టర్

మా మరిది పోలరాజు కాళ్లకు బలపం కట్టుకుని పుట్టాడు. చీపురుపల్లి నుంచి జంషెడ్‌పూర్ వచ్చి అక్కడి గోల్‌మురి రేకుల కంపెనీలో పనికి చేరాడు. నచ్చలేదని పక్కనున్న ఆదిత్యపూర్ పోయాడు. అక్కడ మేస్త్రీ మాట పడలేక మళ్లీ వెనక్కొచ్చాడు. మానేసి చేరిన ప్రతిసారీ సర్వీసు మొదటికొచ్చేది, కంపెనీ క్వార్టర్ వంతు వెనక్కి పోయేది. నా చెల్లెలు నూకమ్మ అద్దె గదుల్లో సామాను సర్దలేక ఏడ్చేది. నాకు ఒళ్లు మండేది.

పందొమ్మిది వందల అరవై మూడులో ఎట్టకేలకు క్వార్టర్ వచ్చింది. నూకమ్మ గోడలు తడిమి తడిమి చూసుకుంది. అయ్యో రామా, నెల తిరక్కుండానే ఆయనగారికి కుదురు పోయింది! డ్యూటీకి పిలిచే భోంపు, అదే కంపెనీ సైరను, కూసినా కదలడు, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతాడు.

"సిట్టెలకవి మావా నువ్వు, ఒక కన్నంలో ఉండవు," అంది నూకమ్మ. "దల్మా కొండమీద సెట్లకి పాచి సూసినావు కదా! పట్టిన కాడే బతుకుతాది. దానికేటి తక్కువైంది?"

"ఆ పాచి మన బస్తీలో ఏ సెట్టుకైనా ఉందేటే? పొగకి సచ్చిపోతాది. ఎలకైతే ఇంకో కన్నం సూసుకుంటాది."

నూకమ్మ నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగలేదు. సాయంత్రం బస్తీ అంతా బొగ్గుల పొయ్యిలు రాజేస్తే దానికి ఊపిరాడేది కాదట. మొగుడికి పారిపోయే సాకు దొరుకుతుందని నాకు కూడా చెప్పకుండా దాచింది, పిచ్చిది!

పొగలో ఉంటే మనిషి దక్కదన్నాడు డాక్టరు. పోలరాజు ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"పని మానేత్తాను. ఊరెళ్లిపోదాం."

"మానేవంటే ఒట్టే! నది అవతల, ఆ దల్మా కొండకింద గది సూడు. సైకిలు మీద డ్యూటీకి రా."

"మరి నీ క్వార్టరో?"

"ఊపిరాడని కాడ గోడలేటి సేసుకుంటాను మావా?" అని తలుపు పట్టుకుని భోరుమంది.

ఇల్లు వదలడానికి ఏనాడూ రెండోసారి ఆలోచించని మనిషి, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు. ఎంత లేపినా లేవలేదు. చివరికి నేనే ఆ తాళంచెవి తీసుకెళ్లి కంపెనీ ఆఫీసులో ఇచ్చొచ్చాను.