బహుమతికి పంపిన పుస్తకం

అరవైల చివర, ఏటా పిల్లల పుస్తకాలకు బహుమతులిచ్చే సంఘం ఒకటి విజయనగరంలో ఉండేది. నా మూడో కథల పుస్తకానికీ బహుమతి రాలేదు. పంపిన ప్రతి తెచ్చుకుందామని శ్రీకాకుళం నుంచి బస్సులో వెళ్లాను.

“ఏటి మాస్టారూ, మళ్లీ వచ్చేసినారా?” అని సంఘం గుమాస్తా నవ్వాడు. “కథలు మద్దిలో సాగినాయంట. బహుమతులు తేల్చీ పెద్దోళ్లు సెప్పినారు.”

అతనిచ్చిన పుస్తకం తెరిచాను. ఆ రోజుల్లో ప్రెస్సువాళ్లు కాగితాల మడతలు కోయకుండానే కుట్టి ఇచ్చేవారు. చదివేవాళ్లే చాకుతో విడదీసుకోవాలి. నా పుస్తకంలో ఒక్క మడతా విడలేదు.

“మరి మధ్యలోవి ఎలాగ చదివినారయ్యా?”

“కట్టలు కట్టీవోణ్ణి, నన్నడిగితే ఏటి సెప్తాను బాబూ?”

మరుసటి ఏడు కొత్త పుస్తకం మడతలన్నీ నేనే కోసి పంపాను. అప్పుడూ బహుమతి రాలేదు. ఆ పెద్దలెవరికీ నేను మళ్లీ నమస్కారం పెట్టలేదు.