మా వాకిట్లో సోడాల లారీ

లారీ అంటే బరువులు మోసేదని ఇన్నాళ్లూ అమాయకంగా నమ్మాను. మా ఆయన కొన్న లారీ మాత్రం ఇంకో లారీ మీద ఎక్కి, మహారాణిలా దంతాలపల్లి నుంచి మా ఊరు నర్మెట్టకు వచ్చింది. ఒకప్పుడు ఊరూరి దుకాణాలకు సోడాలు, కూల్‌డ్రింకులు వేసిన బండి అట. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, పక్కలకు సీసాల పెట్టెలు పెట్టే అరలు, మిగతాదంతా తుప్పు. సీటులో ఎలుకల సంసారం. దాన్ని దించినవాళ్లు నా ముఖం చూసి, చాయ్ కూడా అడగకుండా వెళ్లిపోయారు.

మహబూబాబాద్‌లో బిడ్డ ఇంటికి పోయి రమ్మంటే, తిరుగుదారిలో దంతాలపల్లిలో ఒక రైస్‌మిల్లు వెనక దీన్ని చూసి మనసు పారేసుకున్నాడు. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అంతసేపు చూడలేదు.

“ఏందయ్యా గిది?” అన్నాను.

“లారీ.”

“గది నాకూ ఎరుకే. ఏం జేస్తవ్ దీన్ని?”

“మంచిగ జేస్త. కొత్తగున్నప్పుడు ఎట్లుండెనో అట్ల జేస్త.”

నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగేశాను. ఎందుకంటే కొన్ని నెలలుగా ఆయన నోట వచ్చిన అన్నిటికంటే పొడుగు మాట అదే.

ఈయన భూపాలపల్లి బొగ్గుగనిలో ఫిట్టరుగా చేశాడు. క్వార్టర్లలో ఉన్నన్నాళ్లూ, డ్యూటీ దిగి వచ్చి అన్నం కలుపుతూ ఏ పంపు మొరాయించిందో, దాన్ని ఎట్లా దారికి తెచ్చాడో చెప్పేవాడు. “జర ఆపవయ్యా, తిననియ్యి” అని కసిరేదాన్ని. రిటైరై సొంతూరికి వచ్చాక దేవుడు నా మొర విన్నాడు, అదీ అవసరానికి మించి విన్నాడు. మనిషి బెల్లం కొట్టిన రాయి అయ్యాడు. ఊ, ఆఁ, ఏమో అనే మూడు మాటలతో రోజంతా నెట్టుకొచ్చేవాడు. జనగామ దవాఖానకు తీసుకుపోతే బీపీ బాగుంది, షుగర్ లేదు అన్నారు. లోపల మనిషి లేడని ఏ మిషనూ చెప్పదు కదా. నాకు నిజంగా భయమేసింది. పక్కనే కూచున్న మనిషి ఇట్లాగే మెల్లగా మాయమైపోతాడేమోనని.

కాబట్టి వాకిట్లో ఎండబోసే నా మిరపకాయలు డాబా మీదికి ఎక్కాయి, వాకిలి లారీకి అప్పజెప్పాను. అయితే ఊరికే ఏమీ ఇవ్వలేదు. రోజూ నాలుగు మాటలు అంటూనే ఉన్నాను.

“అక్కా, పాత సామాన్లోడు మీ ఇంటికి రోజూ వస్తున్నడా?” అని పక్కింటామె గోడ మీద నుంచి అడిగింది.

“రాడమ్మా, ఇంట్లనే ఉంటడు” అన్నాను.

ఆయన పట్టించుకుంటేగా! తుప్పు గీకుతూ మాట్లాడేవాడు, చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలకు గ్రీజు పూస్తూ మాట్లాడేవాడు. భూపాలపల్లి నుంచి నలుగురు పాత దోస్తులు వచ్చి, బాలింతను చూడవచ్చిన చుట్టాల్లా ఇంజను చుట్టూ కూచున్నారు. నాలుగుసార్లు చాయ్ పెట్టించారు. మా చీరల పెట్టెకు లేని తాళం ఆ ఇంజను మూతకు వేశాడు. రాత్రి అన్నంలో మళ్లీ బోల్టులు, నట్లు, వాషర్లు. ఈసారి ఆపమనలేదు. కడుపు నిండా విన్నాను.

ఎనిమిది నెలలకు బండి తయారైంది. ఎర్ర రంగు, తెల్ల గీత. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి స్టార్ట్ చేస్తే, సగం ఊరు చప్పట్లు కొట్టింది, మిగతా సగం పొగకు దగ్గింది. నన్ను పక్కన కూచోబెట్టుకొని జనగామ రోడ్డు మీద కొంత దూరం పోయి వచ్చాడు. కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడ్డాను, ఈ వయసులో!

మర్నాడు పొద్దున పానాలు, స్క్రూడ్రైవర్లు అన్నీ తుడిచి పెట్టెలో సర్దాడు. అరుగు మీద కూచున్నాడు. చాయ్ ఇస్తే “ఊ” అన్నాడు.

రెండో రోజూ ఊ. మూడో రోజు బిడ్డ ఫోన్ చేసి “నాయినకియ్యే అమ్మా” అంటే ఇచ్చాను. ఆఁ అని, ఏమో అని, ఫోను నా చేతిలో పెట్టాడు.

నాలుగో రోజు వాకిట్లోకి దిగి లారీ చుట్టూ తిరిగాను. ఎక్కడైనా వంక దొరుకుతుందేమోనని వంగి చూశాను, తట్టి చూశాను. పాపిష్టిది, ఒక్క లోపం లేదు! ఉప్పులో, పప్పులో, చుట్టాల్లో దేంట్లోనైనా వంక పట్టగలిగే నాకు ఆ రోజు ఒక్కటీ దొరకలేదు. ఆఖరికి డ్రైవరు పక్క తలుపు తెరిచి, మూసి, గట్టిగా అన్నాను:

“ఏమయ్యో, గీ తలుపు మంచిగ పడ్తలేదు.”

ఆయన లేచి వచ్చాడు. తలుపు తీశాడు, వేశాడు. టక్కున పడింది. మళ్లీ తీశాడు, వేశాడు. మళ్లీ టక్కున పడింది. నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నేను తల దించుకోలేదు గాని, కళ్లలో నీళ్లు ఆగలేదు.

“అవునే, పడ్తలేదు” అన్నాడు మెల్లగా. “పానాల పెట్టె పట్రా.”

తెచ్చి ఇచ్చాను. బంగారంలా ఉన్న తలుపును ఇద్దరం కలిసి ఊడదీశాం.