చదువుమన్నం, చెయ్యుమన్నమా

మా మేడం ఇగ లేరు. సోమవారం పొద్దున ఖమ్మం దవాఖానాల ప్రాణం పోయిందని ఆమె తమ్ముడు ఫోన్ చేసిండు. అప్పుడు నేను బస్సుల ఉన్న. కండక్టర్ టికెట్ అడిగితే, ఎక్కిన బస్సు ఎటు పోతదో మరిచి ఖమ్మం అన్న.

పాల్వంచ దగ్గర ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ సెక్షన్‌కు ఆమె పెద్ద. నాకు పని నేర్పింది ఆమెనే. చాయ్‌ల చక్కెర ఎక్కువ, నోట్ల మాట తక్కువ. తప్పు చేస్తే తిట్టకపోయేటోళ్లు; "ఏందిది?" అనుకుంట కుర్చీ దగ్గరికి జరుపుకునేటోళ్లు. ఆ చప్పుడుకే నా తప్పు నేనే వెతుక్కుందును.

కాంట్రాక్టర్లు కూలోళ్ల హాజరీని ఎక్సెమ్మెల్ అనే ఒక తీరు కంప్యూటర్ ఫైళ్లల్ల పంపుతరు. వాటిని చదివి జీతాలు కట్టే ప్రోగ్రాం కొత్తగ కొన్నరు. మేడం ఊకుంటరా? దాన్ని పరీక్ష చేద్దామని తనే ఒక ఫైలు రాసి, మనిషి పేరుండాల్సిన కాడ "మన సర్వర్ల ఉన్న ఫలానా ఫైలు తెచ్చి ఈడ పెట్టు" అనే అర్థం వచ్చేటట్టు ఒక ముక్క పెట్టిన్రు. ప్రోగ్రాం కిమ్మనకుండ తెచ్చి పెట్టింది. పంపినోళ్లకు తిరిగిపోయే రసీదుల మా సర్వర్ల ఉన్న గుట్టు మొత్తం పడ్డది. ఎవడన్న గిట్ల రాసి పంపితే కూలోళ్ల బ్యాంకు నంబర్లన్నీ వాని చేతుల పడేటియే.

"చదువుమన్నం, చెయ్యుమన్నమా?" అన్నరు మేడం. ఉత్తరంల బీరువా తెరువుమని రాసుంటే, చదివినోడు లేచి తెరుస్తడా అని నన్నడిగిన్రు. ప్రోగ్రాం అమ్మినోళ్లేమో, ఫైలు అడిగింది తెచ్చిపెట్టే సెట్టింగ్ మొదటి నుంచి గట్లనే ఉంటది, అందరూ గట్లనే వాడుతున్నరు అన్నరు. అందరూ గడ్డి తింటే మనమూ తినాల్నా! ఇయ్యాల్టికీ కొత్త ప్రోగ్రాం ఏది వచ్చినా, అది ఎవరి మాట వింటదో ముందు చూస్త. ఆ బుద్ధి ఆమె పెట్టిన భిక్ష.

మేడం ఆ సెట్టింగ్ బంద్ చేసిన్రు. కాంట్రాక్టర్ ఫైళ్లు కూడ బయటి ఫైలు ఒకటి తెచ్చుకుంటేనే నడిచేటియి, అవన్నీ ఆగినయ్. తెల్లారితే జీతాలు. ఈ ఒక్కరోజుకు ఆ సెట్టింగ్ తలుపు తెరువుమని ఆఫీసర్లు అడిగిన్రు. గేటు కాడ అడవి ఊర్ల కూలోళ్లు కూసున్నరు. వాళ్ల మేస్త్రీ మేడంకు ఎదురొచ్చిండు.

"మీ తలుపుల సంగతి మాకెందుకు మేడం? రేపు జీతం పడకుంటే పిల్లలకేం పెట్టాలె?"



"అవ్, నీ మాట నిజమే," అన్నరు మేడం. "జీతం ఆగదు. తలుపు కూడ తెరువ."

కంప్యూటర్ గేటు పక్కన హాజరీ వేసే టైమాఫీసుకు మోయించిన్రు. మేస్త్రీ హాజరీ చదువుతుంటే తనే టైపు కొట్టిన్రు. పేరు ఎక్కినోళ్లను పిలిచి, స్క్రీను మీద వాళ్ల పేరు ఏదో చూపించిన్రు. మొదట వచ్చిన ముసలమ్మ వేలిముద్ర వేసే సిరా డబ్బా కోసం అటూ ఇటూ చూసింది. కనపడకపోయేసరికి, తన పేరు మీద బొటనవేలు స్క్రీను అద్దానికి గట్టిగ ఒత్తింది. నేను వద్దనబోతే మేడం నా చెయ్యి పట్టుకున్నరు. ఆమె వెనుక వచ్చినోళ్లంత అట్లనే ఒత్తుకుంట పోయిన్రు.

తెల్లారి అందరికీ జీతాలు పడ్డయ్. నేను గుడ్డ తెచ్చి అద్దం తుడువబోయిన. "ఉండనీ," అన్నరు మేడం. కుర్చీ జరుపుకొని, ఆ ముద్రల సందుల నుంచే అక్షరాలు వెతుక్కుంట పని మొదలుపెట్టిన్రు.