ఒకటి నొక్కిన ఓబుళేశు

బేతంచెర్లలో నాపరాళ్ళు కోసే ఫ్యాక్టరీలో ఓబుళేశు పాలిష్ మిషన్ మీద పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనురెప్పల మీద కూడా రాతిపొడి ఉంటుంది. నీళ్ళు పోసుకుని, అన్నం తిని, మంచం మీద వాలి సెల్లు చూసుకుంటాడు. నాలుగేళ్ళ కూతురు హర్షిణి ఒకసారి పక్కన ఎక్కబోతే గట్టిగా కసురుకున్నాడు. అప్పటినుంచి ఆ పిల్ల మంచం దగ్గరికి రావడం మానుకుంది.

కూలి పనులు చేసుకునే తండ్రులు పిల్లలతో కాస్త గడిపేలా చేయాలని ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు అంగన్‌వాడీలో నంబర్లు తీసుకుని రోజూ మెసేజ్‌లు పంపడం మొదలుపెట్టారు. ఓబుళేశు నంబరు భార్య సుంకులమ్మ ఇచ్చింది. మొదటి మెసేజ్ వచ్చినప్పుడు అతను టీ కొట్టు దగ్గర ఉన్నాడు. "నిన్న మీ పాపకు కథ చెప్పారా? చెబితే 1, లేకుంటే 2 పంపండి." పెద్దగా ఆలోచించకుండా ఒకటి నొక్కాడు. వెంటనే జవాబు వచ్చింది: "శభాష్ నాన్నా! మీ పాప అదృష్టవంతురాలు."

ఓబుళేశు దాన్ని మళ్ళీ చదువుకున్నాడు. ఫ్యాక్టరీలో మేస్త్రీ తిట్లే తప్ప ఇంకో మాట వినడు. కన్నతండ్రి కూడా ఏనాడూ శభాష్ అన్న పాపాన పోలేదు. మర్నాడు పాపతో ఆడారా అని అడిగారు. ఒకటి. ఎవరికి నష్టం అనుకున్నాడు. రానురాను ఆ జవాబు కోసమే టీకి బయటికి వచ్చేవాడు.

ఒక ఆదివారం అంగన్‌వాడీ టీచర్ విశ్వాసమ్మ ఇంటికి వచ్చింది.

"ఏమప్పా ఓబుళేసూ, శుక్రవారం మీటింగులో నీకు సన్మానం చేస్తారంట. పెండ్లాం బిడ్డను తోడుకోని రా."

జొన్నరొట్టె తడుతున్న సుంకులమ్మ చేయి ఆగింది. "ఏం చేసినాడని సన్మానం?"

"దినామూ పాపకు కథలు చెప్తాండాడంట గదమ్మా!"

సుంకులమ్మ మొగుడి వైపు చూసింది. అతను వంగి చెప్పు సర్దుకుంటున్నట్టు నటించాడు. ఆమె మళ్ళీ రొట్టె తట్టసాగింది. అది చూసే అతనికి భయం వేసింది.

జ్వరమని ఎగ్గొడదామనుకున్నాడు. కానీ విషయం ఫ్యాక్టరీ దాకా పాకింది. ఎన్నడూ సెలవివ్వని మేస్త్రీ తానే పొమ్మన్నాడు.

మీటింగులో సంస్థ తరఫున వచ్చిన శ్రీదేవి మేడమ్ శాలువా కప్పింది. ఫోటో తీశారు. తర్వాత ఆమె మైకు చేతికిచ్చింది. "మీ పాపకు బాగా ఇష్టమైన కథేదో మాకూ చెప్పండి."

ఓబుళేశు మైకును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఒక్క కథ కూడా గుర్తుకు రాలేదు. బిడియపడుతున్నాడనుకుని అందరూ ముచ్చటగా నవ్వారు. మేడమ్ పాప వైపు వంగింది. "నువ్వు చెప్పమ్మా, నాన్న ఏం కథ చెప్తాడు?"

హర్షిణి తల్లి కొంగులో మొహం దాచుకుని, "నాయన యాడ చెప్తాడు?" అంది సన్నగా.

"ఏమంటోంది?"

"సిగ్గుపడతాంది మేడమ్," అంది సుంకులమ్మ. "కోతి, మొసలి కథ చెప్తాడు. అది ల్యాకుంటే ఈ పిల్లకు నిద్దరే రాదు."

చప్పట్లు మోగాయి. ఓబుళేశు తల వంచుకుని శాలువా సర్దుకున్నాడు. ఆ కథ రోజూ సుంకులమ్మే చెబుతుంది. సెల్లు చూసుకుంటూ అతను ఏనాడూ పూర్తిగా వినలేదు.

ఇంటికి వస్తూ దారిలో అడిగాడు. "అట్ల ఎందుకు చెప్పినావు?"

"మళ్ళ ఏం చెప్పల్ల? అంతమందిలో నీ తల దించల్లనా?" ఆమె పాపను చంకకెత్తుకుంది. "బిడ్డ ముందర నాతో అబద్ధం చెప్పించినావు."

మర్నాడు పనికి పోయే ముందు విశ్వాసమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాడు.

"నాకు తెలుసులేప్పా," అందామె. "మాదీ మీ సందే గదా."

"తెలిసీ ఎందుకు పిలిపించినావక్కా?"

"మిగతావాళ్ళు జవాబే పంపరు. మేడమోళ్ళకు చూపించేకి ఒక నాయనన్నా ఉండల్ల గదా. నువ్వన్నా మారతావేమో అనుకుంటి."

నాలుగు తిట్టి ఉంటే బాగుండునని అనిపించింది అతనికి.

ఆ సాయంత్రం సెల్లు గూట్లో పెట్టి కూతుర్ని పిలిచాడు. పిల్ల గడప దగ్గరే నిలబడి, "ఎందుకు?" అంది. చెప్పడానికి కథ లేదు. నీళ్ళు పడుతుంటే రంపం రాయిని ఎట్ల కోస్తుందో చెప్పాడు. హర్షిణి ఒక అడుగు లోపలికి వేసింది.

"రాయికి నొప్పి కాదా?"

"తెలీదమ్మా. ఎప్పుడూ అనుకోల్యా."

ఆ మాటా ఈ మాటా చెబుతూ కాసేపు కూర్చున్నారు. ఆ తర్వాత కొన్ని రోజులు కుదిరింది, కొన్ని రోజులు కుదరలేదు. ఉదయం పూట పాపను అంగన్‌వాడీకి తీసుకెళ్ళడం మాత్రం తనే మొదలుపెట్టాడు.

అక్కడ గోడకు సన్మానం ఫోటో అంటించారు. ఒకరోజు హర్షిణి ఇంకో పిల్లను లాక్కొచ్చి చూపించింది. "మా నాయన. కథలు చెప్పినాడని శాలువా ఇచ్చినారు."

తీసేయమని విశ్వాసమ్మను బతిమాలాడు. "పైనోళ్ళు చూసేకి వస్తారు, ఉండనీప్పా," అంది.

ఇప్పుడు ఓబుళేశు పాపను వాకిలి దాకే తీసుకుపోతాడు. లోపలికి అడుగు పెట్టడు.